మూడు నిమిషాల పాటలో రాజకీయం ఎక్కడ దూరుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యూరోవిజన్ పాటల పోటీ గురించే. 2026 వియన్నా పోటీలో ఇజ్రాయెల్ ఉంటే తాము రామని ఐదు దేశాలు అన్న వార్త చాలామందిని కదిలించినట్టుంది. కొత్తవారికి రెండు ముక్కలు: 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 7 దేశాలతో మొదలైన పోటీ ఇది. నడిపేది ఐరోపా ప్రసార సంస్థల సంఘం, పొట్టిగా ఈబీయూ. కార్యాలయం జెనీవాలో. కాగితం మీద పోటీపడేది ప్రభుత్వాలు కావు, ఆయా దేశాల ప్రసార సంస్థలు. ఈ సంగతి గుర్తుంటే కింది జవాబుల్లో సగం తేలిగ్గా బోధపడతాయి.

ప్రశ్న: రాజకీయ పాటలకు చోటు లేదంటారు. మరి 2016లో క్రిమియా గురించిన పాట ఎలా గెలిచింది? దేన్ని ఆపుతారో, దేన్ని వదిలేస్తారో ఒక లెక్క ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

రాసిపెట్టిన లెక్క ఒకటి, నడిచే లెక్క ఇంకొకటి. రాజకీయ స్వభావం ఉన్న మాటలు, ప్రసంగాలు, సైగలు కుదరవని నిబంధన చెబుతుంది. ప్రతి ప్రసార సంస్థా మార్చి మధ్యకల్లా పాటను, సాహిత్యాన్ని, ఇంగ్లిషు అనువాదంతో సహా అప్పజెప్పాలి. అనుమానం వస్తే మాటలు మార్చమంటారు, లేదంటే వేరే పాట తెమ్మంటారు. రెండూ కాదంటే ఇంటికే.

మీరడిగిన పాట ఉక్రెయిన్ గాయని జమాలా పాడిన '1944'. ఆ ఏడాది మే నెలలో స్టాలిన్ ప్రభుత్వం క్రిమియా తాతార్లను దాదాపు 2 లక్షల మందిని రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకు తోలేసింది. జమాలా ముత్తవ్వ అందులో ఉంది. పాటలో ఎక్కడా క్రిమియా పేరు లేదు, రష్యా లేదు, స్టాలిన్ లేడు. అపరిచితులు ఇంటికి వస్తారు, చంపుతారు, తప్పు మాది కాదంటారు, అంతే. పల్లవి తాతారు భాషలో ఉంది. 2014లో రష్యా క్రిమియాను కలుపుకున్న సంగతి తెలియనివాళ్ళు హాల్లో ఎవరూ లేరు. అయినా కాగితం మీద అది చరిత్ర, కుటుంబ కథ. కాబట్టి నిలిచింది, గెలిచింది కూడా.

ఇప్పుడు ఆగిన పాటలు చూడండి. 2009 పోటీ మాస్కోలో. అంతకుముందు ఏడాది ఆగస్టులోనే రష్యాకూ జార్జియాకూ యుద్ధం. జార్జియా పంపిన డిస్కో పాట పల్లవిలో 'పుట్', 'ఇన్' అనే రెండు ఇంగ్లిషు మాటలు కలిపి పలికితే పుతిన్ పేరు వినిపిస్తుంది. మార్చమన్నారు, జార్జియా ససేమిరా అని తప్పుకుంది. 2005లో ఉక్రెయిన్ తన నారింజ విప్లవపు (2004లో ఎన్నికల అక్రమాల మీద జనం లేచిన ఉద్యమం) పాటనే పంపితే, అందులోంచి నాయకుడు యుష్చెంకో పేరు తీసేశాకే ఒప్పుకున్నారు. 2015లో ఆర్మేనియా, తమవాళ్ళ జనహత్యకు (1915లో ఒట్టోమన్ టర్కీలో జరిగింది, టర్కీ ఒప్పుకోదు) నూరేళ్ళు నిండిన సందర్భంలో 'కాదనకు' అన్న అర్థంలో పేరు పెట్టుకుంటే, పేరు మారింది, పాట మిగిలింది. 2024లో ఇజ్రాయెల్ పాట పేరులో 'అక్టోబర్' ఉంది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడి గుర్తుకొస్తుందని అభ్యంతరం చెప్పారు. మాటలు మార్చి 'హరికేన్' పేరుతో పాడారు. ఇక నిరసనకారులను వెక్కిరించే పాటకు కూడా ఇదే గతి పట్టింది. 2021లో బెలారుస్ పంపిన మొదటి పాట పనికిరాదన్నారు, రెండోది కూడా పనికిరాదన్నారు, పోటీ నుంచే తీసేశారు.

ఇన్ని ఉదాహరణలు పక్కపక్కన పెడితే మాకు కనిపించేది ఇది. బతికున్న నాయకుడి పేరు వినబడితే ఆపుతారు. నిన్నమొన్నటి సంఘటన తేదీతో గుర్తుపట్టేలా ఉంటే ఆపుతారు. కాలం వెనక్కి జరిపి, పేరు ఎత్తకుండా చెబితే సాధారణంగా పోనిస్తారు. 2023లో క్రొయేషియా బృందం లెట్ 3 పేరులేని పిచ్చి నియంతను, ట్రాక్టరును, క్షిపణులను కలిపి గోల చేసింది. బెలారుస్ అధ్యక్షుడు పుతిన్ పుట్టినరోజుకు ట్రాక్టరు కానుకిచ్చిన విషయం అప్పటికి అందరికీ తెలుసు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అంటే నిబంధన ఆపేది రాజకీయాన్ని కాదు, పేరు పెట్టి పిలవడాన్ని.

ప్రశ్న: పాట మాటల్లో వీలుకానప్పుడు కళాకారులు ఇంకెక్కడ చెబుతున్నారు? కెమెరా ముందు అంత కట్టుదిట్టం ఉండగా బ్యానర్లు ఎలా వస్తాయి?
– సంగీత కళాశాల విద్యార్థి, విజయవాడ

కట్టుదిట్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వేదిక మీద పాట నడిచే మూడు నిమిషాలు అన్నిటికన్నా గట్టి కాపలా ఉన్న చోటు. మనుషులు ఆరుగురికి మించకూడదు. ఎవరు ఏ సెకనులో ఎక్కడ నిలబడతారో, ఏ కెమెరా ఎవరిని పట్టుకుంటుందో ముందే రాసి ఉంటుంది. బట్టలు, వెనక తెరమీది బొమ్మలు రిహార్సళ్ళలోనే చూసేస్తారు. 2024లో ఐర్లాండ్ తరఫున పాడిన బాంబీ థగ్ ముఖం మీద, కాళ్ళ మీద ఓగమ్ అనే పాత ఐరిష్ లిపిలో 'కాల్పుల విరమణ', 'పాలస్తీనాకు స్వేచ్ఛ' అని రాసుకుంటే, గీతల్లా కనిపించే ఆ లిపిని కూడా రిహార్సల్లో పట్టుకుని మార్పించారు. లిపి ఎవరికీ రాదులే అనుకోవడం పాత ఎత్తుగడ, అది ఇక పారదు.

ఖాళీలు మిగిలేది చుట్టుపక్కల. వాటిలో పెద్దది గ్రీన్ రూమ్, అంటే పాడేశాక కళాకారులు సోఫాల్లో కూర్చుని మార్కుల కోసం ఎదురుచూసే చోటు. 2019 టెల్ అవీవ్ పోటీలో ఐస్‌లాండ్ బృందం హతారీ చేసిన పని దీనికి పాఠం లాంటిది. ఆ ఏడాదే ప్రేక్షకుల ఓట్లు ప్రకటించే పద్ధతి మారింది. జ్యూరీ (ప్రతి దేశంలోని సంగీత నిపుణుల బృందం) మార్కుల్లో అడుగున ఉన్న దేశం నుంచి పైకి, ఒక్కో దేశాన్నీ పేరు పెట్టి పిలుస్తారు, పిలిచిన ప్రతిసారీ కెమెరా ఆ బృందం ముఖాల మీదికి వెళ్ళాల్సిందే. అంటే తమ వంతు వస్తుందని, వచ్చినప్పుడు కెమెరా తప్పదని హతారీకి ముందే తెలుసు. దుస్తుల్లో ఇమిడిపోయే మెడ కండువాలంతటి గుడ్డలు, వాటి మీద పాలస్తీనా జెండా రంగులు, 'పాలస్తీనా' అన్న ఒకే ఒక్క మాట. కొన్ని సెకన్లు పట్టుకున్నారు. అప్పటికి ఓటింగ్ ముగిసిపోయింది కాబట్టి మార్కులకు ఢోకా లేదు. పాట రిహార్సల్లో ఆ గుడ్డలు లేవు కాబట్టి ముందుగా ఆపడానికీ వీల్లేకపోయింది. 10వ స్థానంలో నిలిచారు.

రెండో ఖాళీ పాట అయిపోయాక చప్పట్లు మోగే నాలుగైదు సెకన్లు. గాయకుడి మైకు అప్పటికింకా తెరిచే ఉంటుంది. 2022లో ఉక్రెయిన్ కలుష్ ఆర్కెస్ట్రా గాయకుడు ఓలెహ్ ప్స్యూక్ రష్యా ముట్టడించిన మరియుపోల్ నగరానికి, అక్కడి ఉక్కు కర్మాగారం అజొవ్‌స్తాల్‌కు సాయం చేయమని అడిగింది అప్పుడే. అది రాజకీయం కాదు, మానవతా విజ్ఞప్తి అని ఈబీయూ తేల్చింది. సరే, మరి 2017లో పోర్చుగల్ గాయకుడు సల్వడోర్ సొబ్రాల్ శరణార్థులను కాపాడమన్న రాతతో చొక్కా వేసుకుని విలేకరుల ముందుకు వస్తే, అది మళ్ళీ వేసుకోవద్దని అదే ఈబీయూ ఎందుకు చెప్పింది? అతనూ మానవత్వమే అన్నాడు. ఈ రెంటికీ పొసగే సమాధానం ఇప్పటికీ లేదు.

మూడోది, అతిథులు. పోటీలో లేనివాళ్ళ మీద పోటీ నిబంధనకు పట్టు తక్కువ. 2024 మాల్మోలో మొదటి సెమీఫైనల్ ఆరంభ ప్రదర్శనకు పిలిచిన స్వీడన్ గాయకుడు ఎరిక్ సాదే మణికట్టుకు పాలస్తీనా గళ్ళ కండువా చుట్టుకుని పాడాడు. నిర్వాహకులు విచారం ప్రకటించి ఊరుకున్నారు. 2019లో అతిథిగా వచ్చిన మడోనా ప్రదర్శనలో ఇద్దరు నర్తకుల వీపుల మీద ఇజ్రాయెల్, పాలస్తీనా జెండాలు కనిపించడమూ ఈ కోవలోదే.

నాలుగోది మనవాళ్ళు పట్టించుకోనిది: ప్రసార సంస్థే నిరసన చేయడం. 2025లో స్పెయిన్ ప్రభుత్వ టీవీ వ్యాఖ్యాతలు సెమీఫైనల్లో గాజా మాట ఎత్తితే, జరిమానా ఉంటుందని ఈబీయూ హెచ్చరించింది. ఆ టీవీ ఏం చేసిందంటే, ఫైనల్ ప్రసారం మొదలవడానికి సరిగ్గా ముందు నల్లటి తెర మీద, మానవ హక్కుల విషయంలో మౌనం కుదరదని, పాలస్తీనాకు శాంతి, న్యాయం కావాలని నాలుగు మాటలు వేసింది. పోటీ ఇంకా మొదలవలేదు కదా! నిబంధన చదివినవాళ్ళ పని అది.

ప్రశ్న: జరిమానా ఎంత? ఎవరు కడతారు?
– పాఠకుడు, మంగళగిరి

హతారీ విషయంలో 5,000 యూరోలు. కట్టింది బృందం కాదు, ఐస్‌లాండ్ ప్రసార సంస్థ. ఒప్పందం ఈబీయూకూ ప్రసార సంస్థకూ మధ్య కాబట్టి దండన అటే వెళ్తుంది. అంతర్జాతీయ టీవీ కార్యక్రమం ఖర్చులో ఇది లెక్కలోకి రాని సొమ్ము. అసలు భయం డబ్బు కాదు. మధ్యలో అనర్హత వేటు పడుతుందన్నది, వచ్చే ఏడాది తమ దేశాన్ని అనుమానంగా చూస్తారన్నది. అందుకే కళాకారులను ఆపేది చాలాసార్లు వాళ్ళ సొంత టీవీ అధికారులే.

ప్రశ్న: హాల్లో జనం గోల చేస్తే టీవీలో వినబడకుండా చేస్తారని చదివాను. సాంకేతికంగా అదెలా? నేను పెళ్ళిళ్ళకు, సభలకు సౌండ్ సిస్టమ్ పెడుతుంటాను.
– పటమట, విజయవాడ

మీ మిక్సర్ మీదే చేయగలిగిన పని. గాయకుల మైకులు, బ్యాకింగ్ ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాయిద్యాలు), ప్రేక్షకుల మీదికి వేలాడదీసిన మైకులు, మూడూ వేరువేరు ఛానళ్ళు. హాలుకు వెళ్ళే మిక్స్ ఒకటి, ప్రసారానికి వెళ్ళేది ఇంకొకటి. ప్రసార మిక్సులో ప్రేక్షకుల ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) దించితే గోల పోతుంది. ఖాళీ తెలియకుండా రికార్డు చేసిన చప్పట్లు కొంచెం కలపవచ్చు. 2014లో రష్యా అమ్మాయిలను హాలంతా ఎగతాళి కేకలతో ముంచెత్తాక, 2015 వియన్నా పోటీకి కేకలు తగ్గించే ఏర్పాటు సిద్ధం చేసుకున్నారు. 2026కు మాత్రం అలా చెయ్యబోమని ఆస్ట్రియా టీవీ ముందే ప్రకటించింది.

పూర్తిగా దాచడం కష్టం. మెయిన్ గాయకుడి గొంతు లైవ్‌లో ఉండాలన్నది నియమం. (2021 నుంచి వెనక గొంతులు రికార్డులో ఉన్నా ఒప్పుకుంటున్నారు.) ఆ లైవ్ మైకులోకే హాలు శబ్దం కొంత కారుతుంది. నెమ్మది పాటలో, గాయకుడు ఊపిరి తీసుకునే చోట చెవి పెడితే దొరికిపోతుంది. ప్రేక్షకుల ఫేడర్ హఠాత్తుగా దిగినప్పుడు హాలు పరిమాణమే కుంచించుకుపోయినట్టు వినిపించడం మరో గుర్తు. వేదిక మీదివాళ్ళకు చెవిలో మానిటర్లు (పాట తమకు వినిపించే ఇయర్‌ఫోన్లు) ఉంటాయి కాబట్టి మనం అనుకున్నంత గోల వాళ్ళకు చేరదు.

ప్రశ్న: ఇదంతా ఈమధ్య వచ్చిన పోకడేనా? మా రోజుల్లో ప్రజానాట్యమండలి పాటలు విన్నవాళ్ళం, పాటకూ రాజకీయానికీ గోడ కట్టడం మాకు వింతగా ఉంటుంది.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మీకు వింతగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. పొన్నెకల్లు నాజర్ బుర్రకథ చెప్పిన నేల ఇది. బుర్రకథలో కథకుడికి ఇటు హాస్యపు వంత, అటు రాజకీయపు వంత. కథ పల్నాటి వీరులదైనా సరే, నడుమ ఆపి నేటి ధరవరల గురించి, పాలకుల గురించి మాట్లాడటం ఆ రెండోవాడి ఉద్యోగం. యూరోవిజన్ వేదికకు ఆ రెండో వంత లేడు. లేడు కాబట్టే దొంగచాటుగా వస్తుంటాడు.

వయసు మాత్రం చాలా పెద్దది. 1964 కోపెన్‌హాగన్ పోటీలో ఒక మనిషి వేదికెక్కి ఫ్రాంకోను, సలజార్‌ను వెలివేయమన్న బ్యానర్ పట్టుకున్నాడు. స్పెయిన్, పోర్చుగల్ నియంతలు వాళ్ళు. 1969లో పోటీ ఫ్రాంకో పాలనలోని మాడ్రిడ్‌లో జరిగితే ఆస్ట్రియా వెళ్ళలేదు. 1976లో గ్రీసు సైప్రస్ మీద టర్కీ దండయాత్ర గురించి ఏడుపుపాట పంపింది. 1978లో ఇజ్రాయెల్ పాడుతుంటే జోర్డాన్ టీవీ పూలగుత్తి బొమ్మ చూపించింది. ఇజ్రాయెలే గెలుస్తోందని తేలాక ప్రసారం కట్టేసి, బెల్జియం గెలిచిందని చెప్పేసింది.

అన్నిటిలోకీ 1974 ప్రత్యేకం. ఆ ఏప్రిల్ 6న బ్రైటన్‌లో పోర్చుగల్ తరఫున పాలో ద కార్వాలో ఒక విరహగీతం పాడాడు. 3 మార్కులతో చివరి స్థానాన్ని పంచుకున్నాడు. అందులో రాజకీయం వాసన కూడా లేదు. ఏప్రిల్ 24 రాత్రి 10:55కు లిస్బన్ రేడియోలో అదే పాట వేశారు. తిరుగుబాటు సైనికాధికారులకు 'సిద్ధం కండి' అన్న సంకేతం అది. ఎవరికీ అనుమానం రాని పాట కావాలి కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. అర్ధరాత్రి దాటాక రెండో సంకేతంగా నిషేధపు నీడలో ఉన్న జోజె అఫోన్సో పాట వచ్చింది. ఆ రోజు సాయంత్రానికల్లా దాదాపు అర్ధశతాబ్దపు నియంతృత్వం కూలింది. పరిశీలక సంఘం ఎంత జల్లెడ పట్టినా ఇలాంటి పాటలో ఏం దొరుకుతుంది చెప్పండి!

ప్రశ్న: 2022లో రష్యాను తీసేశారు, ఇజ్రాయెల్‌ను ఉంచారు. ఏ నియమం ప్రకారం?
– న్యాయశాస్త్ర విద్యార్థి, గుంటూరు

2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన రోజు, రష్యా పాల్గొనవచ్చనే ఈబీయూ అంది. మర్నాడు ఫిన్లాండ్ వంటి దేశాల ప్రసార సంస్థలు మేం రామని మొరాయించాక మాట మార్చింది. ఇచ్చిన కారణం రష్యా వస్తే పోటీకి చెడ్డపేరు వస్తుందని. ఫలానా పని చేసిన దేశం అనర్హం అన్న నియమం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రష్యా ప్రసార సంస్థలు తర్వాత సంఘం నుంచే బయటికొచ్చాయి.

ఇజ్రాయెల్ విషయంలో ఈబీయూ వాదన, అక్కడి ప్రసార సంస్థ కాన్ ప్రభుత్వం చెప్పుచేతల్లో లేదు, సంఘం నియమాలు పాటిస్తోంది అని. ఎదుటివాళ్ళ వాదన, గాజాలో జరుగుతున్నదాన్ని చూస్తూ ఉత్సవం చేసుకోలేమని. దానితోపాటు 2025 పోటీలో ప్రభుత్వ సొమ్ముతో ఓట్ల కోసం ప్రకటనలు నడిపారన్న ఫిర్యాదూ ఉంది. 2025 డిసెంబరు 4న జెనీవా సమావేశంలో ఇజ్రాయెల్ మీద నేరుగా ఓటు పెట్టలేదు. ప్రభుత్వాల ప్రచారాన్ని అదుపు చేసే నియమాల మీద పెట్టారు, అవి నెగ్గాయి, దాంతో ఇజ్రాయెల్‌కు దారి తెరుచుకుంది. స్పెయిన్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, స్లొవేనియా అదే రోజు తప్పుకున్నాయి, వారం తిరక్కుండా ఐస్‌లాండ్ కూడా. 2024 విజేత నెమో ట్రోఫీ తిరిగి ఇచ్చేస్తున్నట్టు ప్రకటించారు.

చట్టం చదువుతున్నారు కాబట్టి మీకు ఇది కొరుకుడు పడకపోవచ్చు. ఇక్కడ పనిచేసింది నియమం కాదు, ఎన్ని సంస్థలు లేచి వెళ్ళిపోతామన్నాయి, ఎంత త్వరగా అన్నాయి అన్నదే. 2022లో ఒక్క రోజులో తేలింది. రెండోసారి రెండేళ్ళు నానింది.

ప్రశ్న: నిరసన వల్ల ఓట్లు వస్తాయా?
– పాఠకురాలు, గాంధీనగర్, విజయవాడ

ప్రేక్షకుల ఓట్లలో సానుభూతి కనబడుతుంది, జ్యూరీ మార్కుల్లో అంతగా కనబడదు. 2022లో ఉక్రెయిన్‌కు ప్రేక్షకులు 468కి 439 ఇచ్చారు. జ్యూరీ ఇచ్చింది 192, అక్కడ నాలుగో స్థానం. 2025లో ఇజ్రాయెల్‌కు ప్రేక్షకుల నుంచి 297, జ్యూరీల నుంచి 60. 2016లో మాత్రం తమాషా జరిగింది. జమాలా జ్యూరీలోనూ రెండో స్థానమే (211), ప్రేక్షకుల్లోనూ రెండో స్థానమే (323). రెంటిలో మొదటివాళ్ళు వేరువేరు కావడంతో 534తో ఆమె గెలిచింది. ఇంకో సంగతి: జ్యూరీలు ఓటేసేది ముందురోజు రాత్రి రిహార్సల్ చూసి. కాబట్టి ఫైనల్ రాత్రి ఎవరైనా ఏదైనా చేసినా సగం మార్కులు అప్పటికే పెట్టెలో పడి ఉంటాయి.

ప్రశ్న: మా కాలేజీ బ్యాండ్ ఒక విదేశీ పాటల పోటీకి ఎంపికైంది. పంట భూముల మీద పాట. చివర్లో ఒక బ్యానర్ చూపిద్దామనుకుంటున్నాం. ఏమేం జాగ్రత్తలు?
– అయిదుగురు కుర్రాళ్ళు, గుంటూరు

ముందు ఒప్పంద పత్రం తీసి 'సంతకందారు' ఎవరో చూడండి. కాలేజీ అయితే దండన కాలేజీకి, మీ పేర్లయితే మీకు. నష్టపరిహారం మేమే భరిస్తాం అన్న వాక్యం ఉందేమో వెతకండి. అది ఉంటే పై సంగతంతా వేరు, ప్రసారం చెడితే ఖర్చు మీ మెడకు చుట్టుకుంటుంది. నిబంధనల్లో మాటలు, సైగలు, దుస్తులు, తెరమీది బొమ్మలు, జెండాలు, ఈ ఐదింటి గురించి విడివిడిగా ఏం రాశారో గీత గీసుకుని చదవండి. ఏదైనా రాయకుండా వదిలేశారంటే అనుమతించినట్టు కాదు. మెయిల్లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. అడిగితే వద్దంటారేమో అన్న భయం సహజమే. అడక్కుండా చెయ్యాలనుకుంటే పర్యవసానం భరించడానికి అయిదుగురూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా మానెయ్యండి. మధ్యలో జారుకునేవాడు ఉంటే కెమెరా ముందు అది ఇట్టే తెలిసిపోతుంది.

పాట సాహిత్యం అనువాదం మీరే చేసి పంపండి, వాళ్ళకు వదలొద్దు. యంత్రానువాదంలో 'కౌలు', 'పూలింగు' వంటి మాటలు ఎటో పోయి లేనిపోని అభ్యంతరాలు వస్తాయి. ప్రతి చరణం పక్కన ఒక వాక్యం సందర్భం రాస్తే ఇంకా మేలు. బతికున్న నాయకుల పేర్లు, పార్టీ గుర్తులు ఉంటే తీసెయ్యండి. పైన చెప్పినట్టు మొదట తగిలేది అక్కడే.

బ్యానర్‌కు ఫ్లెక్సీ వద్దు. లైట్లు పడి మెరిసి తెల్లగా కనిపిస్తుంది, మడిస్తే గీతలు పడతాయి, చప్పుడు చేస్తుంది. నూలు గుడ్డ, రెండున్నర మూడు అడుగుల వెడల్పు, అంటే ఒక మనిషి రెండు చేతులతో ఛాతీ ముందు సాగదీసి పట్టుకోగలిగినంత. లేత రంగు మీద ముదురు అక్షరాలు, ఒకటీ రెండు మాటలే. వాక్యం రాస్తే కెమెరా చదవకముందే తిరిగిపోతుంది. తెలుగులో రాయాలని మనసుంటే తెలుగు ఒకవైపు, ఆతిథ్య దేశపు భాష రెండోవైపు. పట్టుకోవడం ప్రాక్టీసు చెయ్యండి, తలకిందులుగా పట్టుకున్న బ్యానర్లు చాలానే ఉన్నాయి.

జాతీయ జెండా మీద నినాదం రాయకండి. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం ప్రకారం మువ్వన్నెల జెండా మీద అక్షరాలు రాయడం, నడుము కింద దుస్తుగా వాడటం నేరం. విదేశంలో ఉత్సాహంలో చేసింది ఇక్కడికొచ్చాక కేసు కావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం ఆతిథ్య దేశపు చట్టం. పోటీ నిబంధన తప్పితే జరిమానా, దేశ చట్టం తప్పితే జైలు. జర్మనీలో కొన్ని గుర్తుల ప్రదర్శనే నేరం. స్వస్తిక విషయంలో మనవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. రష్యాలో సైన్యాన్ని 'కించపరచడం' 2022 నుంచి శిక్షార్హం. షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసా చెల్లే ఐరోపా దేశాలు) వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందైనా పెట్టాలి. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దరఖాస్తులో ప్రయాణ కారణం సాంస్కృతిక ప్రదర్శన అనే రాయండి, ఆహ్వాన పత్రం జతచెయ్యండి. పర్యాటకులమని రాసి స్టేజీ ఎక్కితే, గొడవైన రోజు మొదట బయటపడేది ఆ అబద్ధమే. ఖరీదైన వాయిద్యాలకు వెళ్ళేటప్పుడే విమానాశ్రయ కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు సుంకం గోల ఉండదు.

ప్రశ్న: భారత్ యూరోవిజన్‌కు వెళ్ళే అవకాశం ఉందా?
– పాఠకుడు, బెంజ్ సర్కిల్, విజయవాడ

ప్రస్తుతానికి లేదు. ఈబీయూలో పూర్తి సభ్యత్వం ఉండాలి, లేదా ఆస్ట్రేలియాకు 2015లో వచ్చినట్టు ప్రత్యేక ఆహ్వానం రావాలి. పోటీగా రష్యా తిరిగి లేపిన ఇంటర్‌విజన్ ఉంది. 2025 సెప్టెంబరులో మాస్కోలో జరిగితే భారత్ తరఫున రౌహాన్ మలిక్ పాడాడు. వియత్నాం గెలిచింది. రాజకీయం లేని వేదిక అని చెప్పుకున్నారు గానీ, దాన్ని పునరుద్ధరించింది అధ్యక్షుడి ఉత్తర్వు.

ప్రశ్న: ఇక్కడి నుంచి చూడాలంటే, ఓటు వేయాలంటే?
– గృహిణి, అమరావతి రోడ్, గుంటూరు

ఫైనల్ మధ్య ఐరోపా సమయం రాత్రి 9కి, మనకు అర్ధరాత్రి దాటి 12:30. శనివారం రాత్రి మేలుకుంటే ఆదివారం తెల్లవారుజామున నాలుగు నాలుగున్నరకు ముగుస్తుంది. పోటీ అధికారిక యూట్యూబ్ ఛానల్లో వస్తుంది. పాల్గొనని దేశాల వారికి 2023 నుంచి ఆన్‌లైన్ ఓటు ఉంది. అందరి ఓట్లూ కలిపి ఒక దేశంగా లెక్కిస్తారు. డబ్బులు తీసుకుంటారు, విదేశీ చెల్లింపులకు అనుమతి ఉన్న కార్డు కావాలి. మన బ్యాంకు కార్డుల్లో ఆ వెసులుబాటు మామూలుగా కట్టేసి ఉంటుంది, శనివారం పగలే యాప్‌లో తెరిచి పెట్టుకోండి. 2025 వరకు ఒకరు 20 ఓట్లు వేయగలిగేవారు, 2026కు దాన్ని 10కి తగ్గించారు.